ఇనప తలుపుకి ఒక్క స్టార్

గోడ వైపు తిరిగి పడుకుంటే నేను లేచి వెళ్ళిపోతాననుకున్నావా బావా? వెళ్ళను. మూడంతస్తులు ఎక్కొచ్చాను, లిఫ్టు పని చెయ్యట్లేదు, ఇంకా ఆయాసం తీరలేదు. తిట్టాలనుంటే తిట్టు. ఆ నడుం బెల్టు తీసి నాలుగు అంటించు. వద్దులే, అది తీస్తే నడుము మళ్ళీ పట్టేస్తుంది, అక్క నన్ను బతకనివ్వదు. తిట్టు, చాలు.

నాలుగు రోజులైందట నువ్వు నోరు విప్పి! అక్క గురువారమే ఫోన్ చేసింది. "మీ బావ టీవీ వంకే చూడట్లేదురా. నొప్పా అంటే తల అడ్డంగా ఊపుతాడు. కాలు తిమ్మిరా అంటే అడ్డంగా ఊపుతాడు. ఆ ఆట పెట్టనా అంటే మాత్రం దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. నువ్వోసారి రా" అంది. అప్పుడే నాకు తెలిసిపోయింది. ఇది నీ నడుం సంగతి కాదు, మా ఆఫీసు సంగతి అని.

అయినా ఒక్కటి అడుగుతాను. అసలు ఆ 'ఉప్పుదీవి' గేము నీకు తెచ్చిచ్చిందెవరు? నేను కాదూ? డిపోలో జాకీ జారి బస్సు నీ మీదికి కుంగి, నువ్వు మంచమెక్కిన రెండో వారం. పైకప్పు చూస్తూ పడుకుని, ఫ్యాన్ రెక్క మీద ఎన్ని మచ్చలున్నాయో అక్కకి చెప్పేవాడివి. చూడలేక తెచ్చాను. మా కంపెనీ ఆటే బావా, కష్టమేం లేదు, ఊరికే తిరుగుతూ ఉండు అన్నాను.

కష్టమేం లేదు అన్నాను! నోరు కదా, ఏదైనా అంటుంది.

నువ్వేమో తిరిగావు. మనిషి పురుగు లేని దీవి, మూతపడ్డ ఉప్పు ఫ్యాక్టరీ, మధ్యలో పంపుహౌసు, దానికో ఇనప తలుపు. దీవి చుట్టూ ఏడు చక్రాలు. ఏది ఎప్పుడు ఎటు తిప్పాలో చెప్పే నాథుడు లేడు. పటం లేదు, బాణం గుర్తు లేదు. నీళ్ళు పెరుగుతాయి, తగ్గుతాయి, అంతే. ఇంకెవడైనా అయితే రెండో రోజుకి విసిరికొట్టేవాడు. నువ్వు డిపో జాబ్ కార్డులు తెప్పించుకుని వాటి వెనక పటాలు గీశావు. ఏ బస్సుకి ఏ బ్రేకు మార్చారో ముందు వైపు, ఏ చక్రం ఎలా మూలుగుతుందో వెనక వైపు. కళ్ళు మూసుకుని పైపుల చప్పుడు విని, "మూడో దాంట్లో గాలి పట్టిందిరా" అనేవాడివి. టీవీలో పైపుకి గాలి పట్టడమేంటి బావా అని నవ్వేవాణ్ణి. పట్టింది మరి! నువ్వే కరెక్టు!

నవ్వు రావట్లేదా? పోనీ.

ఆదివారాలు గుర్తున్నాయా? మీ డిపో బ్రేకుల బాబాయి నాలుగింటికల్లా దిగేవాడు. ముప్ఫయ్యేళ్ళు బ్రేకులు బిగించిన మనిషి కదా, ఏ సమస్యకైనా ఒకటే మందు. "పక్కకి జరుగబ్బాయ్, ఒక్క తన్ను తంతే తెరుచుకుంటుంది, దీనికింత ఆలోచనేంటి?" అనేవాడు. అక్కేమో ఆ మూల కూరలు తరుక్కుంటూ, "మీ పజిళ్ళూ గిజిళ్ళూ నాకొద్దు, ఆ కొంగలున్న వైపోసారి తీసుకెళ్ళండి, కాస్త కళ్ళు చల్లబడతాయి" అనేది. నువ్వు విసుక్కుంటూనే తీసుకెళ్ళేవాడివి. చివరికేమైంది? "ఏమండీ, నీళ్ళు రాబోయే వైపు నుంచి కొంగలు ముందే లేచిపోతున్నాయి చూశారా" అంది. అంతే, ఆరో చక్రం దొరికిపోయింది! కత్తిపీట ముందు కూర్చున్న మనిషి కనిపెట్టింది!

ఆ రోజు బాబాయి మొహం చూడాల్సింది. తన్నకుండానే పనైపోయినందుకు ఎంత బాధపడ్డాడో.

ఇవన్నీ నాకు తెలుసు కదా బావా. ఎదురుగా కూర్చుని చూశాను కదా. మరి తెలిసీ... ఉండు, వరసగా చెప్తాను. ముందే చివరికి పోతే నాకు ఏడుపొస్తుంది.

మా ఆఫీసులో నా పనేంటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. "గేములు చేస్తాడు మా బావమరిది" అని నువ్వు డిపో అంతా చాటావు. నేను చెయ్యను. నేను చదువుతాను. ఆడినవాళ్ళు రాసే రివ్యూలు చదివి బుట్టల్లో వేస్తాను. మూడు బుట్టలు. బావుంది, కష్టం, విసుగు. మొత్తం నాలుగు వేల ఆరువందల పన్నెండు అభిప్రాయాలు! ఒక్కొక్కటీ పూర్తిగా చదవాలంటే ఏడాది పడుతుంది. అందుకని ఆఫీసులో ఒక పద్ధతుంది. ఎన్ని స్టార్లిచ్చారో చూడు, మొదటి వాక్యం చదువు, బుట్టలో వెయ్యి. తర్వాతది. మొదటి వాక్యంలోనే మనిషి మనసు తెలిసిపోతుందట. ఎవడన్నాడో గానీ వాడి నోట్లో ఉప్పు పొయ్యాలి.

ఏం రాస్తారంటావా? నువ్వు అడగలేదనుకో, అయినా చెప్తాను. ఒకాయన రాశాడు: "రెండు గంటలు నడిచాను. కొంగలు కనిపించాయి. కొంగల్ని చూడ్డానికి గేమెందుకు, మా మేడ మీదే ఉన్నాయి." ఒకావిడ: "ఎంత అందంగా ఉందో చెప్పలేను, కానీ నేనెక్కడున్నానో కూడా చెప్పలేను." ఇంకొకడు: "నాలుగో చక్రం దగ్గర నేనూ నా తమ్ముడూ మాట్లాడుకోవడం మానేశాం." తప్పిపోవడం ఎంత హాయిగా ఉందో రాసినవాళ్ళు కూడా ఉన్నారు, పేజీలకి పేజీలు. అవి 'బావుంది' బుట్టలోకి పోయేవి. ఆ బుట్ట నిండలేదు బావా. 'కష్టం' బుట్ట పొంగిపొర్లింది.

ఒక నర్సు రాసింది నన్ను కాల్చేసింది. "నాకు రోజుకి అరగంట దొరుకుతుంది. పన్నెండు గంటలు నిలబడి వస్తాను. ఆ అరగంటలో ఎక్కడైనా ఒక్కచోట గెలవాలనిపిస్తుంది. మీ దీవిలో కూడా ఓడిపోయాను." చదివి వేడెక్కిపోయాను. ఎవరికోసం చేస్తున్నాం ఈ ఆటలు? తీరికున్న బాబుల కోసమా? తీరిక కూడా ఆస్తే కదా! దున్నేవాడిదే భూమి అన్నప్పుడు ఆడేవాడిదే ఆట కాదా?

అవును, మీటింగులో ఇదే అన్నాను. బల్ల గుద్ది మరీ అన్నాను. వాటర్ బాటిల్ ఒలికింది కూడా.

ఎదురుగా లెక్కల మేడమ్. ఆ దీవీ, చక్రాలూ, నీళ్ళూ అన్నీ ఆవిడే చేసింది. ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేది. గొంతు పెంచదు. "బాబూ, తెరుచుకోని తలుపు ముందు నిలబడ్డం కూడా ఆటలో భాగమే. దాన్ని తీసేస్తే మిగిలేది తలుపు మాత్రమే" అంది. నేనేమన్నానో తెలుసా? "మేడమ్, ఇది మేధావుల పెత్తనం. జనం మాట్లాడారు. జనం మాటే ఆఖరి మాట" అన్నాను. చప్పట్లు కొట్టారు బావా. మేనేజరు కూడా కొట్టాడు. ఆయనకి జనం మీద ప్రేమేం కాదు, ఆటుపోట్ల సర్వరు ఒకటి తీసేస్తే ఖర్చు మిగులుతుందని. ఆ నీళ్ళు పెరగడం, తగ్గడం మా సర్వరు నుంచే వస్తాయిలే. నాకది తట్టనే లేదు. చప్పట్లు నా ఆవేశానికే అనుకున్నాను!

రిపోర్టు రాయమన్నారు. రాశాను. సగం కంటే ఎక్కువమంది 'కష్టం' అంటే మార్చాలని తీర్మానం. అన్నారు. మార్చారు. బాణం గుర్తు పెట్టారు, చక్రాలు వాటంతటవే తిరిగేలా చేశారు, తలుపు ముందుకెళ్ళి నిలబడితే తెరుచుకునేలా చేశారు.

ఆ రిపోర్టు నాదే బావా. నీ తలుపు తెరిచింది నేనే.

... తిరగవా ఇటు? పోనీ, వీపుతోనే విను.

అక్క చెప్పింది బుధవారం ఏం జరిగిందో. పోయిన ఆదివారం అందరూ వెళ్ళిపోయాక, సాయంత్రం, నువ్వు ఉన్నట్టుండి "దొరికింది" అన్నావట. ఏడో చక్రం. ఇన్ని నెలలు గీసినదంతా ఒక్కసారిగా కలిసిందట. "అయితే తిప్పండి, ఆలస్యమెందుకు" అందట అక్క. నువ్వేమో "ఛ, ఒక్కణ్ణే తిప్పితే ఏం బావుంటుంది? ఆదివారం బాబాయి రానీ, వాడు రానీ, నువ్వు కత్తిపీట అవతల పెట్టి వచ్చి కూర్చో. అందరి ముందూ తిప్పుతా" అన్నావట. ఆ మూడు రాత్రులూ జాబ్ కార్డులు దిండు కింద పెట్టుకుని పడుకున్నావట, పెళ్ళి కుదిరినవాడిలా.

వాడు రానీ అంటే నేనే కదా బావా. నాకోసం కూడా ఆగావు.

బుధవారం నీళ్ళ చప్పుడు విందామని ఊరికే పెట్టావట. పైనుంచి ఎర్ర బాణం దిగిందట. తలుపు దానంతటదే కిర్రుమని తెరుచుకుందట. నువ్వు టీవీ ఆపేసి గోడ వైపు తిరిగావట. అంతే.

ఇవాళ ఆదివారం. ఇంకో అరగంటలో బాబాయి వస్తాడు. ఆయనకేం తెలీదు. ఏదో సంచీ కూడా తెస్తున్నాడట, పండగ చేసుకుందామని. ఏమని చెప్పమంటావు ఆయనకి?

ముందే ఒక్క మాట నా చెవిన వెయ్యకపోయావా అనుకుంటున్నావు. వీపు చూస్తేనే తెలుస్తోంది. బుధవారం ఆ మార్పు వస్తోందని నాకు పది రోజుల ముందే తెలుసు. "బుధవారంలోపు తేల్చుకో బావా" అని ఒక్క ముక్క. ఫోన్లో పట్టే మాట.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే... నవ్వకు... కంపెనీ విషయం సొంతవాళ్ళకి ముందే చెప్పడం తప్పు కదా! నాలుగు వేలమందికి తెలియంది మా బావకొక్కడికే ఎలా చెప్తాను? బంధుప్రీతి కాదా అది? సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ రోజు నన్ను చూసుకుని నాకే గర్వమేసింది. అద్దంలో కాలర్ సర్దుకున్నాను కూడా.

ఇంకోటి ఉంది. ఇదింకా పెద్దది. అక్క వంటింట్లోనే ఉందిగా, తలుపు కాస్త దగ్గరగా వేస్తాను.

నీ రివ్యూ నేను చూశాను బావా.

ఒక్క స్టార్. మొదటి వాక్యం: "ఆరు నెలలైంది, ఈ తలుపు ఇంకా తెరుచుకోలేదు." పద్ధతి ప్రకారం చూస్తే ఇంకేముంది, 'కష్టం' బుట్ట. వేసేశాను. తర్వాతదానికి పోబోతూ కింద సంతకం చూశాను. "గొయ్యిలో మనిషి" అని. బస్సు కింద గోతిలో నిలబడి పని చేసేవాళ్ళు అలా చెప్పుకుంటారని నాకు తెలీదూ? ఆగి మొత్తం చదివాను. నాలుగు వేల ఆరువందల పన్నెండులో మొత్తం చదివినవి ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నీది కంఠతా వచ్చేసింది.

"ఆరు నెలలైంది, ఈ తలుపు ఇంకా తెరుచుకోలేదు. కాబట్టి ఎవరూ తొందరపడి రావద్దు. ఇక్కడ జనం లేకపోవడమే బావుంది. ఒక్క స్టార్ కావాలనే ఇస్తున్నాను. అయిదిస్తే ఎగబడి వచ్చి జవాబులన్నీ ఊరంతా చెప్పేస్తారు. బోల్టు బిగుసుకుపోతే పనివాడికి కోపం రాదు, ఆకలేస్తుంది. నాకు మంచం మీద చాలాకాలం తర్వాత ఆకలేసింది. చేసినవాళ్ళు చల్లగా ఉండాలి."

ఎవడైనా మెచ్చుకోవడానికి ఒక్క స్టార్ ఇస్తాడా బావా? నువ్వు తప్ప? లోకంలో ఎవడైనా? మంచి టీ కొట్టు దొరికితే ఎవరికీ చెప్పకుండా దాచుకునే రకానివి నువ్వు!

నవ్వాను. పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత చెయ్యి ఆగిపోయింది. బుట్ట మార్చాలి కదా. ఒక్క నొక్కు నొక్కితే చాలు. నొక్కలేదు.

ఎందుకో తెలుసా? మా బావదని. మిగతావాళ్ళవి మొదటి వాక్యం చూసి వేసి, మా బావది మాత్రం చివరిదాకా చదివి మారుస్తానా? అందరికీ ఒకటే న్యాయం! మా ఇంటి మనిషని అదనంగా ఒక్క అక్షరం కూడా చదవకూడదు! అలా అనుకుని వదిలేశాను. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో ఆ బుట్టలో, తీసి చూద్దామని మాత్రం తట్టలేదు. అసలు అనాల్సింది అది కదా బావా? నీదొక్కటి మార్చడం కాదు, అన్నీ చివరిదాకా చదవాలి అని కదా బల్ల గుద్దాల్సింది?

నీ ఒక్కటి మారిస్తే తీర్మానం ఆగేదా? ఆగేది కాదు. ఆ మాటతో నాలుగు రోజులుగా నన్ను నేను ఓదార్చుకుంటున్నాను. పని చెయ్యట్లేదు.

ఊరుకోలేదు బావా, నేనూ తిరిగాను. మేనేజరు దగ్గరికెళ్ళి పాతది వెనక్కి తెండి అన్నాను. "జనం మాటే ఆఖరి మాట అన్నావుగా" అని నవ్వాడు. నా మాట నా మొహానే కొట్టాడు. లెక్కల మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ మానేసిందిలే, రిపోర్టు వచ్చిన వారమే, ఒక అట్టపెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. నేను లేచి తలుపు తీసి పట్టుకున్నాను, థాంక్స్ చెప్పింది. నీ సంగతి మొత్తం చెప్పాను. మేడమ్, ఆయన జవాబు నేను అడిగి మీకు చెప్తాను, తప్పో ఒప్పో ఒక్క మాట చెప్పండి, చాలు అన్నాను. ఆయన ఏడో చక్రం దాకా వచ్చారా అని అడిగింది. తర్వాత, "అడక్కు బాబూ. అడిగితే ఆయన ఆటని రెండోసారి లాక్కున్నవాడివవుతావు" అంది.

అందుకే అడగను. ఆ దిండు కింద కార్డులు అలాగే ఉండనీ. చూడను.

ఇదిగో, ఇది మాత్రం తెచ్చాను. పాత కాపీ. ప్రోగ్రామర్ కాళ్ళావేళ్ళా పడి ఈ చిన్న డిస్కులో వేయించుకున్నాను. అవును, రూలు ప్రకారం దొంగతనమే. ఇప్పుడు గుర్తొచ్చారు నాకు సొంతవాళ్ళు! ఉండు, టీవీకి పెడతాను. చూశావా? అదే దీవి. బాణం లేదు. కొంగలు ఉన్నాయి. మొహం తిప్పు బావా, ఒక్కసారి.

కానీ... ముందే చెప్పెయ్యాలి. చప్పుడు వినిపించట్లేదు కదా? నీళ్ళు కదలవు. సర్వరు ఆపేశారు. ఆటు లేదు, పోటు లేదు. నిండా నిలబడిపోయాయి. పంపుహౌసు దాకా వెళ్ళలేం. నాకు తెలుసు. తెలిసీ తెచ్చాను. ఖాళీ చేతులతో రాలేక తెచ్చాను.

ఏంటి? లేవకు, లేవకు, నడుము! ఏం కావాలి? కంట్రోలరా? ఇదిగో.

నాకిస్తావేంటి? నేనా? నేనెందుకు బావా, నువ్వాడు.

... అలా చూడకు. ఆ చూపు చూడకు నన్ను.

సరే. చెప్తున్నాను. నేను ఈ ఆట ఆడలేదు.

నాలుగు వేల ఆరువందల మంది ఏమనుకున్నారో చదివాను. నేనేమనుకున్నానో నాకే తెలీదు. ఉద్యోగంలో చేరిన రోజు పెట్టాను. మొదటి వంతెన దగ్గరికొచ్చాను, అది నీళ్ళలో మునిగి ఉంది. రెండు నిమిషాలు అటూ ఇటూ తిరిగి ఆపేశాను. నువ్వేమో మొదటిరోజే అరగంట అక్కడే కూర్చుని, నాకు ఫోన్ చేసి "తగ్గాయిరా! నీళ్ళు వాటంతటవే తగ్గాయి! ఆగితే చాలు!" అని అరిచావు. నాకు తెలుసన్నట్టు "అదే కదా బావా మజా" అన్నాను.

తెలీదు బావా. నువ్వు చెప్పేదాకా ఆ వంతెన తేలుతుందని నాకు తెలీదు.

ఆ నర్సు మొన్న మళ్ళీ రాసింది. "నలభై నిమిషాల్లో అయిపోయింది. తర్వాతేంటి?" అని. ఇంకా చాలామంది రాస్తున్నారు, మరీ తేలిక, మరీ తేలిక అని. రేపట్నుంచి నాకు నాలుగో బుట్ట ఇస్తున్నారు.

సరే, ఆడతాను. పట్టుకున్నాను, చూడు. నడిచేది దీనితోనేనా? చెప్పవా? సరే, ఇదే అయ్యుంటుంది. ఇది ఫ్యాక్టరీ గోడ కదా... కాదా? ఇందాకటి చోటికే వచ్చానా మళ్ళీ? కాస్త ఎటో చెప్పు బావా. వేలు చూపించినా చాలు.

అదిగో, వంతెన. మునిగే ఉంది.

మెట్ల మీద చప్పుడు. బాబాయే. రెండో అంతస్తులో ఆగి దగ్గుతున్నాడు.

ఏం చెయ్యాలి బావా ఇక్కడ? ఆగాలా? ఆగితే తగ్గవు కదా ఇవి? ఎంతసేపని ఆగను?

బావా, ఇది మరీ కష్టంగా ఉంది.